నలుగురం ఎత్తుకుంటాంలే

మా వ్యాను చూసిన ప్రతివాళ్లూ ముందుగా అడిగే మాట ఒకటే. "ఎంతమంది పడతారండి?" రేపల్లె బస్టాండు దగ్గర ఆపినా అదే, తెనాలి నిమ్మకాయల మార్కెట్లో ఆపినా అదే. బండి నడిపే మా తమ్ముడికి ఆ ప్రశ్న మహా ఇష్టం. స్టీరింగు మీద మోచెయ్యి ఆనించి, మామూలుగా అయితే ఇంతమంది, వెనక బల్ల వేస్తే ఇంకో నలుగురు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఇక చెప్పేదే లేదు అని మొదలుపెడతాడు. వెనక కూర్చుని వింటున్న నాకు ఒళ్లు మండుతుంది. అన్ని పనులు చేసే బండిలో జనానికి కనపడేది సీట్లు మాత్రమే.

నిజానికి అది చాలా పనిమంతురాలైన బండి. లోపల మనిషి తల వంచకుండా నిలబడొచ్చు. పక్క తలుపు జారుడు తలుపు. వెనకవి రెండూ బార్లా తెరుచుకుని బండి పక్కలకి ఆనుకుంటాయి. నేల పొడుగునా ఇనప పట్టాలు ఉన్నాయి. సీట్లు వాటిలో టక్కుమని బిగుస్తాయి, గొళ్లెం లాగితే ఊడి వస్తాయి. పొద్దున రేపల్లెలో బయల్దేరి జంపని మీదుగా తెనాలి వెళ్లేదాకా అది మనుషుల బండి. నేను అక్కడ ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. నాతో పాటు ఇద్దరు టీచరమ్మలు, ఒక బ్యాంకు ఉద్యోగి ఎక్కుతారు. మమ్మల్ని దించాక మా తమ్ముడు సీట్లు ఊడదీసి తెలిసినవాళ్ల షెడ్డులో పెట్టి సాయంత్రం దాకా సరుకు తోలతాడు. నందివెలుగు నుంచి అరటి గెలలు, మార్కెట్ నుంచి నిమ్మకాయల బస్తాలు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి సీట్లన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. నిమ్మ వాసన మాత్రం పోదు. ఆ వాసన నాకు ఇష్టమే.

కానీ ఆ బండి కొన్నది అరటి గెలల కోసం కాదు, టీచరమ్మల కోసమూ కాదు. వెనక తలుపులు తీస్తే ఒక వెడల్పాటి ఇనప పలక నిలబెట్టి ఉంటుంది. వైరుకి వేలాడే స్విచ్ నొక్కితే అది వెనక్కి వాలి, నెమ్మదిగా నేల దాకా దిగుతుంది. నేను నా చక్రాల కుర్చీతో దాని మీదికి వెళ్లి, బ్రేకు వేసుకుని, మళ్లీ స్విచ్ నొక్కుతాను. అది నన్ను బండి నేల ఎత్తుకి తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లి కుర్చీని పట్టాలకున్న బెల్టులతో కట్టేసుకుంటాను. ఇంత పనిలోనూ నా ఒంటి మీద ఒక్క చెయ్యి పడదు. ఆ బండి కొన్నది అందుకు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. దానికి నాకు కోపం లేదు, దాంతో ఎప్పుడో రాజీ పడ్డాను. నా కోపమంతా చేతుల మీద. స్కూల్లో అటెండరు చేతులు, బస్సులో కండక్టరు చేతులు, రైల్వే స్టేషన్లో ఎవరివో తెలియని చేతులు, పెళ్లిళ్లలో మావయ్యల చేతులు. ఒకడు చంకల కింద పట్టుకుంటే ఇంకొకడు మోకాళ్ల కింద పట్టుకునేవాడు. జాకెట్టు పైకి పోయేది, చీర కిందికి జారేది. నా తల ఎవరి చెమట చొక్కాకో అదిమి ఉండేది. వాళ్లలో వాళ్లు "నువ్వటు పట్టు, నేనిటు పడతా" అనుకునేవాళ్లు. నన్ను మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు. దించాక అందరూ నవ్వుతూ ఒకే మాట అనేవాళ్లు. "నువ్వెంతమ్మా, దూదిపింజెవి."

ఆ దూదిపింజె ఎలా తయారైందో వాళ్లకి తెలీదు. ప్రయాణం ఉందంటే ముందు రోజు రాత్రి అన్నం మానేసేదాన్ని. పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టుకునేదాన్ని కాదు. నీళ్లు తాగితే బాత్రూముకి వెళ్లాలి, వెళ్లాలంటే మళ్లీ ఎత్తాలి. నాలుక పిడచగట్టుకుపోయి, పెదాలు అతుక్కుపోయి, ఎండాకాలం పెళ్లిళ్లలో పూలదండల మధ్య కూర్చునేదాన్ని. "అమ్మాయి ఎంత ఓర్పుగా ఉంటుందో" అని మెచ్చుకునేవాళ్లు. ఓర్పు కాదు, గొంతు ఎండిపోయి మాట రాకపోవడం అది. నాకు ఓర్పు ఎప్పుడూ లేదు.

అందుకే వ్యాను వచ్చిన మొదటి రోజు, తెనాలి వర్క్‌షాపులో ఆ పలక బిగించి ఇచ్చిన సాయంత్రం, నేను చేసిన మొదటి పని ఒక సీసాడు నీళ్లు గటగటా తాగడం. మా తమ్ముడు అద్దంలోంచి చూసి, "ఏంటక్కా, అంత దాహమా?" అన్నాడు. అవునన్నాను. ఇంక వివరించలేదు. చిన్నప్పటి నుంచి నా పక్కనే ఉన్నవాడికి అది వివరించాల్సి రావడమే నాకు నచ్చలేదు.

ఇక పెళ్లి సంగతి. మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, రేపల్లెలో మా వీధి చివరే ఉంటుంది. అమ్మ పోయాక మా ఇద్దరికీ పెద్ద దిక్కు ఆవిడే. పండక్కి పచ్చళ్లు పంపేది, జ్వరం వస్తే వచ్చి కూర్చునేది. ఆవిడ మంచిదని నేను ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పేది ఆ మంచితనం గురించే. ఆవిడ చిన్న కొడుక్కి బాపట్ల సంబంధం కుదిరింది. పెళ్లి అక్కడి లూథరన్ చర్చిలో. పెద్దమ్మకి ఆడపిల్లలు లేరు కాబట్టి పెళ్లికొడుకు తరఫు ఆడపడుచుని నేనే. మా ఇళ్లలో పుస్తెల పళ్లెం ఆడపడుచు పట్టుకుని, పెళ్లికొడుకు వెనకే చర్చిలోకి వెళ్లి, పాస్టరు అయ్యగారి చేతికి ఇవ్వాలి. పెళ్లికొడుకు స్వయంగా మా ఇంటికి వచ్చి, "అక్కా, పళ్లెం నీదే" అని చెప్పి వెళ్లాడు.

నేను ఎన్ని పెళ్లిళ్లకి వెళ్లానో. అన్నిటికీ సామానులా దిగాను. ఈ ఒక్క పెళ్లికి నా కుర్చీ మీద నేను దిగి, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, నా చక్రాలు నేను తిప్పుకుంటూ అందరి ముందూ లోపలికి వెళ్లాలనుకున్నాను. ఆకుపచ్చ కంచి పట్టుచీర కొన్నాను. ఎత్తేటప్పుడు జారిపోతుందని అంతకుముందు ఎప్పుడూ పట్టుచీర కట్టలేదు. చర్చి గుమ్మానికి మెట్లు ఉన్నాయా అని పెళ్లికూతురి వాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాను. పక్క తలుపుకి వాలుదారి ఉందండి అన్నారు. ఇంకేం కావాలి.

పెళ్లి రోజు పొద్దున పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పెద్దమ్మ ఇంటికి నా అంతట నేను కుర్చీ తోసుకుంటూ వెళ్లాను. వ్యాను వాకిట్లో ఉంది, బంతిపూల దండలు వేసి. మా తమ్ముడు అప్పటికే తళతళలాడుతున్న ముందు అద్దాన్ని మళ్లీ తుడుస్తున్నాడు. నన్ను చూసి ఇంకా గట్టిగా తుడవడం మొదలుపెట్టాడు. నాకప్పుడే ఏదో తేడాగా అనిపించింది. వెనక్కి వెళ్లి చూశాను. తలుపులు తెరిచే ఉన్నాయి. పలక లేదు.

పలక ఉండాల్సిన చోట బోల్టుల కన్నాల మీద పాత గోనెపట్టా పరిచి ఉంది. నా కుర్చీ నిలిచే చోట పొడుగాటి బల్ల సీటు బిగించి ఉంది. దాని మీద పెద్దమ్మ మరిది, ఆయన భార్య, ఇంకా ఇద్దరు అత్తయ్యలు అప్పటికే కూర్చుని, ఒళ్లో సంచులు పెట్టుకుని, నన్ను చూసి నవ్వుతున్నారు. "రామ్మా, రా" అన్నారు. ఎక్కడికి రమ్మన్నారో, ఎలా రమ్మన్నారో.

"పలక ఏదిరా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"వరండాలో ఉందక్కా. నిన్న కడగడానికి తీసుకెళ్లినప్పుడు తీయించా. పెద్దమ్మ అడిగింది. నలుగురికి చోటు చాల్లేదంట. ఒక్క రోజే కదా."

"నన్ను అడగాలనిపించలేదా?"

వాడు గుడ్డ పిండుకుంటూ నిలబడ్డాడు. ఈలోగా పెద్దమ్మే బయటికి వచ్చింది, కొత్త చీరలో, మొహం వెలిగిపోతూ. నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, ఆ ఇనప తుక్కు నీకెందుకే ఇవాళ? మేమంతా లేమూ? నలుగురం ఎత్తుకుంటాంలే. నా మరిది కొడుకులు ముందే సిద్ధంగా ఉన్నారు, చూడు" అంది. నిజంగానే నలుగురు కుర్రాళ్లు చొక్కా చేతులు మడుచుకుని వరసగా నిలబడ్డారు. పెళ్లివారి ముందు తమ బలం చూపించుకోవచ్చని వాళ్ల సంతోషం వాళ్లది.

పెద్దమ్మ నన్ను అవమానించాలని చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. తిట్టి వెళ్లిపోయేదాన్ని. ఆవిడ ప్రేమతో చేసింది. అయినవాళ్లు ఇంతమంది ఉండగా నన్ను ఒక మిషను ఎత్తడం ఆవిడకి చిన్నతనంగా తోచింది. దిక్కులేని వాళ్లకి కదా మిషన్లు అనుకుంది. మా వైపు వాళ్లంతా ఇలాగే ఆలోచిస్తారు. మనిషికి చెయ్యి అందివ్వడం గొప్ప అనుకుంటారు. ఆ చెయ్యి నాకు అక్కర్లేదంటే అది గర్వం అంటారు.

"పలక బిగించండి" అన్నాను.

"ఇప్పుడా? మంచి ఘడియ దాటిపోతుందే. అక్కడ పాస్టరుగారు ఎదురుచూస్తూ ఉంటారు."

"పలక బిగించండి పెద్దమ్మా. లేకపోతే నేను రాను."

ఆవిడ నోరు నొక్కుకుంది. బల్ల మీద అత్తయ్యలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఎప్పుడూ ముక్కు మీదే కోపం దీనికి" అని లోపల్నుంచి ఎవరో అన్నారు. బయల్దేరే ముందు ప్రార్థన చేయడానికి వచ్చిన మా ఊరి అయ్యగారు నా దగ్గరికి వచ్చి, మెల్లగా, "సర్దుకోమ్మా. శుభకార్యం కదా" అన్నారు.

"నేను పుట్టినప్పటి నుంచి సర్దుకుంటున్నానండి. ఇవాళ వాళ్లని సర్దుకోమనండి" అన్నాను.

నలుగురు కుర్రాళ్లలో పెద్దవాడు, పాపం మంచివాడే, "అక్కా, ఒక్క నిమిషంలే" అంటూ వంగి నా చంకల కిందికి చేతులు తీసుకొచ్చాడు. ఒక్క నిమిషం. నా బతుకులో నేను అతి ఎక్కువగా విన్న మాట అది. నేను అరవలేదు. చాలా నెమ్మదిగా, "ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు" అన్నాను. వాడు వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేను కుర్చీ తిప్పుకుని వ్యాను ముందుకి వెళ్లి, సరిగ్గా బంపరుకి ఎదురుగా ఆగి, రెండు బ్రేకులూ వేశాను. ఇక కావాలంటే నా మీద నుంచి పోనివ్వండి అన్నట్టు కూర్చున్నాను.

వీధిలో జనం పోగయ్యారు. ఎండ ఎక్కుతోంది. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. నేను చేస్తున్న పెళ్లిలో నా కూతురిలాంటిదే నా పరువు తీసింది అంది. నాకు జాలి వేసింది, దానికి రెండింతలు కోపం వచ్చింది. ఏడ్చే హక్కు కూడా ఆవిడే తీసేసుకుంది కదా అనిపించింది. పట్టుచీర కుచ్చిళ్లు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాను. కదిలితే ఏడుస్తానేమోనని భయం వేసింది.

చివరికి పెళ్లికొడుకు లోపల్నుంచి వచ్చాడు, సూటు వేసుకుని, జేబుకి పువ్వు పెట్టుకుని. ఏం జరిగిందో అప్పటిదాకా వాడికి తెలీదు. నన్ను చూశాడు, బండి వెనక చూశాడు. "బల్ల తీసేయండి" అన్నాడు. "అక్క లేకుండా పళ్లెం ఎవరు పట్టుకుంటారు?" అంతే. వాడి మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు, పెళ్లికొడుకు కదా. నా మాట అంతసేపటి నుంచీ ఎవరి చెవికీ ఎక్కలేదు, వాడు ఒక్కసారి అనేసరికి అత్తయ్యలు సంచులు పట్టుకుని దిగారు. దానికీ నాకు కోపం వచ్చింది. కానీ బ్రేకులు తీశాను.

పలక వరండాలో గోడకి ఆనించి ఉంది. మోటారుతో కలిపి అది మామూలు బరువు కాదు. నన్ను ఎత్తడానికి వచ్చిన ఆ నలుగురే దాన్ని ఎత్తారు. మెడ నరాలు పొంగి, మొహాలు ఎర్రబడి, రెండుసార్లు కింద పెట్టి, బూతులు నోటిదాకా వచ్చి అయ్యగారిని చూసి మింగుకుని, మొత్తానికి బండి దగ్గరికి చేర్చారు. నేను చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను. తమ్ముడు కిందికి దూరి బోల్టులు బిగించాడు, వైర్లు కలిపాడు. వాడి కొత్త చొక్కా అంతా గ్రీజు. చివర్లో స్విచ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నిన్ను అడగాల్సిందక్కా" అన్నాడు. అవును, అడగాల్సింది అన్నాను.

అత్తయ్యలూ వాళ్లూ ఆటో మాట్లాడుకుని వెనక వచ్చారు. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వ్యాను మెట్టు ఎత్తు. ఎక్కేటప్పుడు తమ్ముడు పైనుంచి లాగితే, మరిది వెనక నుంచి పట్టుకున్నాడు. ఎలాగో ఎక్కింది. దారిలో నేను నీళ్ల సీసా తీసి, మూత విప్పి, సగం తాగాను.

బాపట్లలో చర్చి ముందు పెళ్లికూతురి వాళ్లంతా నిలబడి ఉన్నారు. తలుపులు తెరుచుకున్నాయి, పలక దిగింది, నేను దిగాను. అందరూ చూశారు. ఒకాయన మా తమ్ముడి దగ్గరికి వచ్చి, "మంచి బండండి. ఎంతమంది పడతారు?" అని అడిగాడు. తమ్ముడు మొదటిసారి ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. నేను పుస్తెల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పక్క తలుపులోంచి, నా చక్రాలు నేను తిప్పుకుంటూ పెళ్లికొడుకు వెనకే వెళ్లాను. పాట పాడుతున్నారు. పళ్లెం అయ్యగారి చేతికి ఇచ్చాను. అప్పుడు కూడా నా కోపం పూర్తిగా పోలేదు. పోతుందనుకున్నాను కానీ పోలేదు.

తిరుగు ప్రయాణం సాయంత్రం. పొద్దున్నుంచి నిలబడి, వియ్యాలవారిని పలకరిస్తూ, అటూ ఇటూ తిరిగేసరికి పెద్దమ్మ కుడి మోకాలు బూరెలా వాచింది. వ్యాను పక్క తలుపు దగ్గరికి వచ్చి మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయింది. కాలు వంగలేదు. రెండోసారి ప్రయత్నించింది. లాభం లేదు. వెంటనే ఆ నలుగురు కుర్రాళ్లూ పరిగెత్తుకొచ్చారు. "ఆగు పెద్దమ్మా, ఒక్క నిమిషం, నలుగురం ఉన్నాంగా" అన్నారు. ఆవిడ వద్దనేలోపే ఒకడు చంకల కింద పట్టుకున్నాడు, ఇంకొకడు కాళ్లు అందుకున్నాడు. పైట జారింది. చీర మోకాళ్ల దాకా పోయింది. కొత్త వియ్యపురాలు, ఆవిడ తరఫు మగవాళ్లు, వీడియో తీసేవాడు, అందరూ అక్కడే ఉన్నారు. "తేలిగ్గానే ఉంది లేండి" అని ఎవరో నవ్వారు.

అప్పుడు పెద్దమ్మ మొహం చూశాను. నాకు ఆ మొహం బాగా తెలుసు. అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు కానీ లోపల్నుంచి తెలుసు.

"దించండ్రా" అంది. మళ్లీ గట్టిగా, "దించమన్నానా" అంది. దించారు. పైట సర్దుకుంది, చీర కిందికి లాక్కుంది. ఎవరి వైపూ చూడకుండా బండిని పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వెనక్కి వచ్చింది. నేను అప్పటికే పలక మీద ఉన్నాను, స్విచ్ చేతిలో పట్టుకుని. అనాల్సినవి చాలా ఉన్నాయి. పొద్దున్నుంచి నాలుక చివర పెట్టుకుని ఉన్నవే. కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని చోటిచ్చాను.

ఆవిడ పలక ఎక్కి నా కుర్చీ వీపు పట్టుకుంది. నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"అమ్మాయ్, మేము నిన్ను ఎత్తినప్పుడల్లా ఇలాగే ఉండేదా?"

"ఇలాగే ఉండేది పెద్దమ్మా" అన్నాను. "ప్రతిసారీ."

ఆవిడ ఏడ్చిందో లేదో నేను వెనక్కి తిరిగి చూడలేదు. స్విచ్ నొక్కాను. పలక మా ఇద్దర్నీ పైకి తీసుకెళ్లింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ పలక జోలికి పోలేదు. ఆదివారం చర్చికి పెద్దమ్మ కూడా దాని మీదే ఎక్కుతుంది. కొత్తవాళ్లు ఎంతమంది పడతారని అడిగితే, ముందు వెనక్కి వచ్చి పలక చూడమంటుంది, అది ఎలా దిగుతుందో, ఎలా ఎక్కుతుందో గొప్పగా చెబుతుంది. అందరూ ఆవిడ ఎంత మారిందో అని మెచ్చుకుంటారు. నేనూ తల ఊపుతాను. కానీ నా నోటి మాట ఇన్నేళ్లుగా చాలక, చివరికి ఆవిడ మోకాలు వాచాల్సి వచ్చింది కదా. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.